పాలకొల్లులో మేం పిండి ఆడించుకునే మర గురించి, ఎనిమిది నెలల తర్వాత

ఇది పెద్ద షాపేమీ కాదు, ముందే చెప్పేస్తున్నాను. బస్టాండు నుంచి నడిస్తే ఏడెనిమిది నిమిషాలు, సందులోకి తిరగ్గానే మర చప్పుడు వినిపిస్తుంది. బోర్డు మీద "ఇచ్చట అన్ని రకముల పిండి ఆడించబడును" అని తప్ప వేరే పేరు లేదు, ఊళ్ళో అందరూ మర అనే అంటారు. లోపల మూడు మిషన్లు. ఒకటి బియ్యానికీ గోధుమలకీ, ఒకటి మిరపకాయలకీ పసుపుకీ, మూడోది చిన్నది, గింజలూ ఎండిన ఆకులూ పొడి కొట్టడానికి. ముందు వరండాలో గోనె సంచుల్లో చోళ్ళు (రాగుల్ని మా వైపు చోళ్ళు అంటాం), కొర్రలు, ఉలవలు, నువ్వులు, అవిసె గింజలు, దంపుడు బియ్యం పెట్టి అమ్ముతారు. కావలసినవి కొనుక్కుని మన కళ్ళముందే ఆడించుకుని తెచ్చుకోవచ్చు, ఇంటి నుంచి పట్టుకెళ్ళినా ఆడించి ఇస్తారు.

మా చుట్టాల్లో ఎవరింటికి వెళ్ళినా ఈమధ్య ఒకటే మాట, సూపర్ ఫుడ్స్ (మామూలు తిండి కన్నా పోషకాలు ఎక్కువని చెప్పి అమ్మేవి) ఏం వాడుతున్నారు అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే నయమనిపించింది. మర గురించే రాస్తాను, కానీ దానికి ముందు మేం డబ్బు పోగొట్టుకున్న సంగతి చెప్పకపోతే మర ఎందుకు నచ్చిందో అర్థం కాదు.

పోయినేడు మా అమ్మకి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. అమ్మది రాజోలు, చించినాడ బ్రిడ్జి దాటితే వాళ్ళ ఊరే, పదేళ్ళుగా షుగరుంది. ఆడవాళ్ళకి 12 ఉండాలంటారు కదా, తొమ్మిది అనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. అదే సమయంలో ఇంటర్ చదివే మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి పుస్తకం మీదే నిద్రపోతుండేది. ఆ కంగారులో ఫోన్లో కనపడిన ప్రకటన చూసి నెలనెలా ఇంటికి వచ్చే సూపర్ ఫుడ్ బాక్సు ఒకటి మూడు నెలలకి కట్టేశాను. నెలకి 1,600 రూపాయలు. కంపెనీ పేరు రాయను, దానితో పనిలేదు.

బాక్సు మాత్రం చాలా అందంగా వచ్చింది. లోపల కినోవా, చియా గింజలు, ఎండు గోజీ పళ్ళు, నీటి నాచుతో చేసే స్పైరులినా మాత్రలు, మునగాకు పొడి, అవిసె గింజల పొడి. కినోవా మొదటిరోజు అన్నంలా వండితే చేదుగా ఉంది. ఆ గింజ మీద సపోనిన్ అనే పొర ఉంటుందట, చేత్తో బాగా రుద్ది మూడునాలుగు నీళ్ళు పోసి కడిగితేనే పోతుంది, ప్యాకెట్ మీద ఆ మాట లేదు. రెండోసారి బాగానే కుదిరింది కానీ దానిలో పప్పు కలిపితే కలవదు, పులుసు పోస్తే జారిపోతుంది. మా మావయ్యగారు రెండు ముద్దలు తిని "నాకు మామూలు అన్నం పెట్టమ్మా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. కినోవా మంచి గింజే, పెరూ, బొలీవియా కొండల్లో వాళ్ళకది తరతరాల తిండి, ఐక్యరాజ్యసమితి 2013ని దాని పేరుమీద ప్రకటించింది కూడా. కానీ వాళ్ళ కంచం వేరు, మన కంచం వేరు. రోజూ ఇష్టంగా తినలేనిది ఎంత గొప్పదైనా డబ్బాలోనే ఉండిపోతుంది, మా ఇంట్లో అర కిలో అలాగే ఉండి పురుగు పట్టింది.

చియా సంగతి ఇంకో రకం. మా అమ్మాయి కాలేజీకి ఆలస్యమవుతోందని ఒక చెంచా గింజలు నోట్లో పోసుకుని గుక్కెడు నీళ్ళు తాగేసింది. అవి నీళ్ళు తగిలితే తమ బరువుకి పదింతల దాకా పీల్చుకుని జిగురుగా ఉబ్బుతాయి. గొంతులో పట్టేసినట్టై కళ్ళలో నీళ్ళు తిరిగి, పది నిమిషాలు మేమందరం హడలిపోయాం. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ మీ ఇంట్లో చియా ఉంటే మాత్రం కనీసం అరగంట నానబెట్టకుండా ఎవర్నీ తిననివ్వకండి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అసలే వద్దు.

అన్నిటికన్నా బాధనిపించింది మాత్రం అవిసె పొడి, మునగాకు పొడి. అవిసె పొడి ప్యాకెట్ విప్పగానే పాత నూనె వాసన. మునగాకు పొడి లేత ఆకుపచ్చగా ఉండాల్సింది గడ్డిరంగులో ఉంది. తిప్పి చూస్తే ప్యాక్ చేసి 11 నెలలైంది. గడువు 18 నెలలు వేసుకున్నారు కాబట్టి వాళ్ళ లెక్కలో అది మంచిదే. రెండుసార్లు మెయిల్ పెట్టాను, మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబొచ్చింది, అంతే.

అప్పుడే ఈ సూపర్ ఫుడ్ అనే మాట గురించి కాస్త చదివాను. ఆహార శాస్త్రంలో అలాంటి విభాగమే లేదు, అమ్మకాల కోసం పుట్టిన మాట అది. వందేళ్ళ కిందట అమెరికాలో యునైటెడ్ ఫ్రూట్ అనే కంపెనీ ఆ మాటతో ప్రచారం చేసుకుంది దేనికో తెలుసా, అరటిపండుకి. రావులపాలెం యార్డులో తెల్లారేసరికి గెలలు గుట్టలు పడే మన అరటిపండుకి! యూరప్‌లో 2007 నుంచి సరైన ఆధారం చూపకుండా ప్యాకెట్ మీద ఆ మాట వేయడానికి వీల్లేదు. మన దగ్గర మాత్రం ఆ మాట చాలా ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. అందుకే నేను ఇప్పుడు ప్యాకెట్ ముందువైపు చదవడం మానేసి వెనకవైపు తారీఖు చూస్తున్నాను.

ఇక మర. పండక్కి అరిసెల పిండి ఆడించడానికి వెళ్ళి వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ పావుకిలో అవిసె గింజలు వేయించి డబ్బాలో తెచ్చుకుంది. చిన్న మిషన్లో పోయగానే వచ్చిన వాసనకి నేను ఆశ్చర్యపోయాను. వేరుశనగ వేయించినట్టు, ఇంకా కమ్మగా. బాక్సులో వచ్చిందీ ఇదీ ఒకటే గింజ అంటే నమ్మలేకపోయాను. మరాయన్ని అడిగాను, "బాబాయ్ గారూ, ఈ పొడి ఎన్నాళ్ళు నిలవుంటుందండి?" అని. ఆయన మిషన్ ఆపి మరీ చెప్పారు. "ఆయ్, గింజగా ఉంచుకుంటే ఏడాదైనా ఉంటాదమ్మా. పొడి కొట్టేక పదిహేను రోజులు, అంతే. అందుకే నేను పొడి చేసి అమ్మను, గింజలు అమ్ముతాను. మీకు కావలిసినప్పుడు వచ్చి ఆడించుకోండి."

నాకు ఆ ఒక్క మాటతో షాపు నచ్చేసింది. పొడి చేసి అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుందని ఆయనకి తెలియక కాదు.

అవిసె గింజ గొప్పదనం అందులోని ఒమేగా 3 కొవ్వు. వంద గ్రాముల్లో 22 గ్రాముల పైనే ఉంటుంది, చియాలో 17, 18 ఉంటుంది. అంటే నేను కిలో ఐదు వందల పైన పెట్టి కొన్న చియా కన్నా కిలో నూట నలభైకి వచ్చే అవిసెల్లోనే అది ఎక్కువ. చియాలో పీచు ఎక్కువ, 34 గ్రాముల దాకా, ఆ విషయంలో దానిదే పైచేయి. కానీ అవిసె గింజని గింజగా మింగితే పైతొక్క గట్టిది కాబట్టి చాలావరకూ అరక్కుండానే బయటికి పోతుంది, పొడి చేయాల్సిందే. పొడి చేస్తే మళ్ళీ ఆ కొవ్వుకి గాలీ వెలుతురూ తగిలి తొందరగా పాడవుతుంది. ఈ రెండింటికీ మధ్య దారి ఒక్కటే, కొంచెం కొంచెంగా తాజాగా ఆడించుకోవడం. నేను రెండు వారాలకి 200 గ్రాములు ఆడిస్తాను, గాలి పోని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను.

దాంతో కారప్పొడి చేస్తాను, ఇంట్లో అందరూ తినేది ఆ రూపంలోనే. అవిసెలు చిటపటలాడేదాకా సన్నని సెగ మీద వేయించి, విడిగా కాస్త మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు వేయించి, జీలకర్ర, ఉప్పు, చింతపండు రెక్క కలిపి మరలో ఇచ్చేస్తాను, ఇంటికొచ్చాక వెల్లుల్లి దంచి కలుపుతాను. పొద్దున్న ఇడ్లీలోకి, మధ్యాహ్నం మొదటి ముద్దలో నెయ్యితో. ఒక్కొక్కరికి రోజుకి చెంచాన్నర పడుతుంది. మా మావయ్యగారు కినోవా వద్దన్న మనిషి, ఈ పొడి అయిపోతే ముందు ఆయనే గుర్తుచేస్తారు.

మునగాకు పొడి దగ్గరికొస్తే, మా వైపు మునగచెట్టు లేని దొడ్డి తక్కువ, పొడి కొనాలా అని నన్ను చాలామంది అడిగారు. నిజమే, ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దవాళ్ళు ఎటూ పెట్టారు. కానీ ఆకు దూయడానికి ఎంతసేపు పడుతుందో దూసేవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున్నే ఇద్దరికి క్యారేజీలు కట్టి పంపే ఇంట్లో వారానికి ఒకసారి అయితే గొప్ప. మిగతా రోజులకి పొడి. పచ్చి మునగాకు వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైన కాల్షియం, 4 మిల్లీగ్రాముల పైన ఇనుము ఉంటాయి. ఎండబెడితే నీరు పోతుంది కాబట్టి పొడిలో అంకెలు ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి, ప్రకటనల్లో ఆ పెద్ద అంకెలే వేస్తారు. కానీ మనం తినేది చెంచా పొడి, అంటే రెండుమూడు గ్రాములు. దానితోనే కాల్షియం అంతా వచ్చేస్తుందనుకుంటే పొరపాటు. ఆకుకూర తినని రోజున ఏదో కొంత అందుతుందని వేసుకోవడం, అంతవరకే.

ఈ మరలో పొడి ఎందుకు బాగుంటుందంటే ఆకుని నీడలో ఆరబెడతారు. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కానీ రంగు పోతుంది, విటమిన్ ఎ గా మారే కెరొటిన్ పోతుంది. బాబాయ్ గారి ఆవిడ మేడమీద గదిలో నులకమంచాల మీద పల్చటి పంచెలు పరిచి ఆరబెడుతుంది, నేను వెళ్ళి చూశాను. వేళ్ళతో నలిపితే గలగలమని పొడి కావాలి, అప్పుడే మిషన్లో వేస్తారు. మన డెల్టా గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు కదా, శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆకు సరిగా ఆరదు. ఆ నెలల్లో ఆవిడ మునగాకు పొడి చేయదు, అడిగినా లేదంటుంది. సెప్టెంబరులో నేను రెండుసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చాను, అప్పుడు విసుగొచ్చింది, తర్వాత ఆలోచిస్తే అదే మంచిదనిపించింది. తేమ పట్టిన పొడికి బూజు వస్తే కంటికి కనపడదు.

పక్కనే గానుగ కూడా ఉంది, వీళ్ళ బంధువులదే. అక్కడ నువ్వుల నూనె ఆడించాక మిగిలిన తెలగపిండి దొరుకుతుంది. తెలగపిండి మునగాకు కూర గురించి గోదావరి వాళ్ళకి నేను చెప్పేదేముంది, బాలింతలకి పెట్టే కూర అది. మా అమ్మమ్మ నాకు పెట్టింది, అప్పట్లో ఎందుకో తెలియకుండానే తిన్నాను. నూనె పోయాక నువ్వులో మిగిలేది మాంసకృత్తులు, కాల్షియం, ఇనుము, దానికి మునగాకు తోడు. ఉడికించి వెల్లుల్లి ఎక్కువగా వేసి పోపు పెట్టి, పైన కాస్త నువ్వుల నూనె వేసుకుంటే ఆ కూర ముందు నేను బాక్సులో కొన్నవేవీ నిలవవు. కెరొటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాలి కదా, ఆ పైన నూనె ఊరికే వేయలేదు మన వాళ్ళు. అయితే ఒకటి, పశువులకి అమ్మే పిండి వేరు, వంటకి వేరుగా అడిగి తీసుకోండి, చేదుగా ఉన్నా నల్లగా మాడినట్టున్నా వద్దనండి.

అమ్మకి డాక్టరుగారు ఇనుము మాత్రలతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర ఇచ్చారు. ఆ పసుపు మాత్ర చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో, 1945 ప్రాంతంలో. ఆయన అన్నని బలి తీసుకున్న, తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ అనే జబ్బుకి అదే ఫోలిక్ యాసిడ్ మందైంది. ఫోలిక్ అనే పేరే లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది, మొదట దాన్ని పాలకూరలో నుంచి తీశారు. ఇక్కడి మట్టిలో పుట్టిన మనిషి ఆకులో ఉన్న మందుని ప్రపంచానికి అందిస్తే, మనం తోటకూర కట్టని పదిసార్లు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తున్నాం. ఫోలేట్ (ఆకుల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ రూపం) నీళ్ళలో కరిగిపోతుంది, వేడికి పోతుంది. అందుకని నేను ఆకుకూర తక్కువ నీళ్ళతో మూతపెట్టి దించేస్తున్నాను, నీళ్ళు మిగిలితే పప్పులో పోస్తున్నాను.

ఇంకో రెండు అలవాట్లు మార్చాం, ఇవి డబ్బు ఖర్చులేనివి. అన్నం తినగానే టీ తాగడం మానిపించాను, టీలోని టానిన్లు ఆకుల్లోనూ గింజల్లోనూ ఉండే ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. గంటన్నర ఆగి తాగుతుంది అమ్మ, మొదట్లో గొడవ చేసింది. రెండోది, మునగాకు పప్పులో దించాక నిమ్మకాయ పిండడం, లేదా పక్కన ఉసిరికాయ పచ్చడి. విటమిన్ సి ఉంటే ఆ ఇనుము బాగా పడుతుంది. ఐదు నెలలకి హిమోగ్లోబిన్ 11.1 వచ్చింది. మరలో పొడి తిన్నందువల్లే అని నేను రాయను, మాత్రలు కూడా వేసుకుంది, ఎంత దేనివల్లో విడదీయలేం. మాత్రలు మానేసి పొడులు తినమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి.

చోడిపిండి విషయంలో మాత్రం నేను తప్పు చేశాను, మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను. షుగరున్నవాళ్ళకి చోడి జావ మంచిదని అందరూ అంటారు. వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, మనం తినే తెల్ల బియ్యంలో 10 కూడా ఉండదు, కాబట్టి మంచిదనడంలో సందేహం లేదు. అమ్మకి మెత్తగా ఆడించిన పిండితో పొద్దున్నే పెద్ద గ్లాసు జావ ఇచ్చాను. వారం తర్వాత తిన్న రెండు గంటలకి మిషన్‌తో చూస్తే షుగరు ఇడ్లీ తిన్నరోజు కన్నా ఎక్కువ ఉంది. మూడు రోజులు వరసగా చూశాం, అలాగే ఉంది. పిండి ఎంత మెత్తగా ఉంటే, ఎంత పలచగా ఉడికితే అంత తొందరగా రక్తంలో కలుస్తుంది. మరాయనతో చెప్తే "రవ్వలా బరకగా ఆడించమంటారా?" అని అడిగి రాయి సర్ది ఇచ్చారు. ఇప్పుడు బరకపిండితో ఉల్లిపాయ, మునగాకు వేసి మందంగా రొట్టె కాలుస్తాను, పక్కన పెరుగు. అమ్మ అంకెలు బాగున్నాయి. మీ ఇంట్లో ఎవరికెలా ఉంటుందో మీరే మిషన్‌తో చూసుకోవాలి. మా అమ్మాయికి మాత్రం జావే ఇస్తున్నాను, తాటిబెల్లం వేసి, దానికి ఆ ఇబ్బంది లేదు.

దంపుడు బియ్యం కూడా ఇక్కడే కొంటున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన డెల్టా అంతా వరే, మనకి అన్నం అంటే మల్లెపువ్వులా ఉండాలి. ఆ తెలుపు కోసం తవుడంతా తీసేసినందుకు మన ఉత్తర సర్కారు జిల్లాలు (మన కోస్తాకి అప్పటి పేరు) ఒకప్పుడు నరాల్నీ గుండెనీ దెబ్బతీసే బెరిబెరి జబ్బుతో బాధపడ్డాయి. బి1 విటమిన్ తవుడులో పోతోందని అప్పటికి పూర్తిగా తెలియదు. ఆ జబ్బుమీద పరిశోధనకి 1918లో ఇప్పటి తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న కేంద్రం పెట్టారు, అదే పెరిగి 1958లో హైదరాబాదు వచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇవాళ వాళ్ళే రోజుకి 100 గ్రాముల ఆకుకూర తినమని చెప్తున్నారు. ఇది చదివిన రోజు నాకు కంచంలో అన్నం చూస్తే ఏదోలా అనిపించింది. మావయ్యగారు పూర్తిగా దంపుడు బియ్యం తినరు కాబట్టి సగం సగం కలిపి వండుతున్నాను, రెండు గంటలు ముందు నానబెట్టాలి. తవుడులో నూనె ఉంటుంది, ఎక్కువ తెచ్చి పెట్టుకుంటే వాసన వస్తుంది, ఐదు కిలోలు మించి కొనను.

మరలో దొరకనిది చేప. అవిసెల్లోని ఒమేగా 3ని ఒళ్ళు తనకి కావలసిన రూపంలోకి మార్చుకోగలిగేది కొంచెమే, చేపలో అది నేరుగా ఉంటుంది. చేపలు తినేవాళ్ళు నరసాపురం వైపు నుంచి వచ్చే మెత్తళ్ళు వారానికి రెండుసార్లు ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా వస్తుంది. యానాంలో చీరమేను అనే సన్న చేప దొరికే దీపావళి రోజుల్లో మా ఇంట్లో ఇంకేమీ వండం.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది, మిషన్లు వేరని చెప్తారు కానీ రద్దీ ఉన్నప్పుడు కుర్రాడు ఏది ఖాళీగా ఉంటే దాంట్లో పోసేస్తాడు. ఒకసారి చోడిపిండికి మిరపకారం తగిలి మా అమ్మాయి జావ తాగలేక ఏడ్చింది. బాబాయ్ గారికి చెప్తే వేరే కిలో ఆడించి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు, కానీ అలా జరగకూడదు. గోధుమ పడనివాళ్ళు ఉంటే ఇక్కడ ఆడించవద్దు, అదే మిషన్లో గోధుమలూ పోస్తారు. రెండోది, చోళ్ళలో ఇసుక ఉంటుంది. కొనగానే ఆడించకుండా ఇంటికి తెచ్చి కడిగి ఆరబెట్టి మళ్ళీ వెళ్ళాలి, రెండుసార్లు తిరగాలి. మూడోది, మునగాకు పొడి ప్యాకెట్ మీద తారీఖు ఉండేది కాదు. అడగ్గా అడగ్గా ఇప్పుడు పెన్నుతో రాస్తున్నారు.

నాలుగోది నాకు నిజంగా కోపం తెప్పించింది. గోడమీద ఒక కాగితం అంటించారు, షుగరు, బీపీ, కీళ్ళనొప్పులు, కాన్సరు అన్నిటికీ అవిసె గింజలు మందని. "బాబాయ్ గారూ, ఆ కాన్సరు మాట తీసేయండి, ఎవరైనా నమ్మి ఆసుపత్రి మానేస్తే?" అన్నాను. "ఎవరో వాట్సాప్‌లో పంపేరమ్మా, ప్రింటు తీయించేను" అన్నారు. మంచివాడే, కానీ కాగితం ఇంకా అక్కడే ఉంది. తీసేదాకా నేను అడుగుతూనే ఉంటాను.

ఎందుకింత పట్టుదల అంటే, మా పెదనాన్నగారికి గుండె వాల్వు ఆపరేషనైంది, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకుంటారు. ఇలాంటిదే ఏదో చదివి రోజూ రెండు చెంచాల మునగాకు పొడి మొదలుపెట్టారు. ఆకుల్లో విటమిన్ కె ఎక్కువ, అది ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. నెలవారీ పరీక్షలో తేడా వచ్చి డాక్టరుగారు గట్టిగా చెప్పాక ఆపారు. ఆకుకూర మానమనలేదు, రోజూ ఒకే మోతాదులో తినమన్నారు, ఒక్కసారిగా పెంచవద్దన్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు కూడా ఈ పొడుల్లో ఉండే పొటాషియం గురించి డాక్టర్ని అడక్కుండా ఇవి మొదలుపెట్టకండి.

ఖర్చు చెప్పలేదు కదా. మా ఐదుగురికి నెలకి రెండు కిలోల చోళ్ళు, 400 గ్రాముల అవిసెలు, అర కిలో నువ్వులు, 100 గ్రాముల మునగాకు పొడి, ఆడించినందుకు ఇచ్చేదీ అన్నీ కలిపి ఐదు వందలు దాటడం లేదు. దంపుడు బియ్యం వేరు, అది ఎలాగూ బియ్యం ఖర్చులోదే.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ గోడమీది కాగితానికి తీసేశాను. వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఎనిమిదిలోపు వెళ్ళండి, అప్పటికి మిరపకాయలు మొదలుపెట్టరు. సొంత డబ్బా పట్టుకెళ్ళండి, వేడి పిండిని ప్లాస్టిక్ కవర్లో కడితే చెమట పడుతుంది. మూత తీసే ఉంచి ఇంటికొచ్చి చల్లారాక పెట్టండి. అవిసెలు ఇంట్లోనే వేయించి చల్లార్చి తీసుకెళ్ళండి, అక్కడ వేయించే ఏర్పాటు లేదు. ఉసిరి రోజులొస్తే ఆవిడ ఎండు ఉసిరి వరుగులు కూడా పెడుతుందట, ఈసారి అవి తెచ్చి చూస్తాను.